పీహెచ్ వెంట పడకండి, ముందు ఉప్పు శాతం సరిచూసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు మీ పరిస్థితి ఇది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు, 60 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టి ఏడు నెలలు. రాళ్లూ ఇసుకా పోను, కింద ఉండే సంప్ తొట్టితో కలిపి అసలు నీళ్లు 200 లీటర్లు. ఉదయం పీహెచ్ 7.8, సాయంత్రం 8.0. అది 8.3 ఉండాలని ఎక్కడో చదివి రెండు వారాలుగా పీహెచ్ పెంచే బఫర్ పొడి వేస్తున్నారు. వేసిన గంటకి పెరుగుతోంది, తెల్లారేసరికి మళ్లీ మొదటికే వస్తోంది. ఆల్కలినిటీ, అంటే నీళ్లలో ఆమ్లాన్ని తట్టుకునే కార్బోనేట్ల మోతాదు, ఒకరోజు 10.8 డీకేహెచ్ (దాని కొలమానం) ఉంటే మూడో రోజుకి 8.3. కాల్షియం సీసా మీద రాసినంతా పోస్తున్నా 360 పీపీఎం, అంటే పది లక్షలకు 360 వంతులు, దాటడం లేదు. మెగ్నీషియం 1140. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. ఉప్పు శాతాన్ని చూపే రిఫ్రాక్టోమీటర్‌లో 35, అంటే నూటికి కాదు, వెయ్యికి 35 వంతులు. హీటర్ మీదా పంపు మీదా తెల్లగా పెచ్చు కడుతోంది. కొత్తగా తెచ్చిన రెండు ఆక్రోపోరా పగడపు కొమ్మల చివర్లు తెల్లబడ్డాయి. ఇసుక మీద బుడగలతో గోధుమ రంగు జిగురు పరుచుకుంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, ఇంకేం కొని వేయాలి అని అడిగారు.

ఏమీ కొనకండి. ఆ బఫర్ పొడి ఈ పూటే ఆపేయండి. కాల్షియం సీసా కూడా ఓ వారం పక్కన పెట్టండి. మీ ట్యాంక్ చచ్చిపోవడం లేదు. దాన్ని రోజుకో వైపు లాగుతున్నాం, అది నిలదొక్కుకోలేకపోతోంది, అంతే. పగడాలు 7.5 ఆల్కలినిటీలో బతుకుతాయి, 9లోనూ బతుకుతాయి. ఈ రోజు 10.8, ఎల్లుండి 8.3 అంటే మాత్రం తట్టుకోలేవు. అందులోనూ ఆక్రోపోరా అసలు తట్టుకోదు.

మీ అంకెల్లో నా కన్ను ముందు పడింది పీహెచ్ మీద కాదు, మెగ్నీషియం మీద. సముద్రపు నీళ్లలో, ఉప్పు శాతం 35 ఉన్నప్పుడు, మెగ్నీషియం సుమారు 1290 పీపీఎం, కాల్షియం 410 నుంచి 420, ఆల్కలినిటీ 7 డీకేహెచ్‌కి కాస్త అటూ ఇటూ ఉంటాయి. మీ మెగ్నీషియం 1140. అంటే ఉండాల్సిన దానికి పన్నెండు శాతం దాకా తక్కువ. కాల్షియం 360, అది కూడా దాదాపు అంతే తక్కువ. కాల్షియం తగ్గడానికి వేరే కారణాలు ఉండొచ్చు, హీటర్ మీద పెచ్చు కట్టింది అదే కదా. కానీ మెగ్నీషియం అంత తొందరగా ఖర్చయ్యే వస్తువు కాదు. పగడాలు తీసుకునే కాల్షియంతో పోలిస్తే అవి తీసుకునే మెగ్నీషియం చాలా కొంచెం. ఏడు నెలల ట్యాంక్‌లో, చిన్న చిన్న ముక్కలు పెట్టుకున్న చోట, 150 పీపీఎం మెగ్నీషియం మాయమైపోదు. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గాయంటే నీళ్లలో మొత్తం ఉప్పే తక్కువ ఉందని నా అనుమానం. మీ రిఫ్రాక్టోమీటర్ 35 అంటున్నా అసలు 31 దగ్గర ఉండి ఉండొచ్చు.

ఇది నాకు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. నా మొదటి ట్యాంక్‌లో నాలుగు నెలల పాటు మెగ్నీషియం సీసాల మీద సీసాలు పోశాను. వారానికోసారి పెరిగేది, నీళ్లు మార్చగానే తగ్గేది. చివరికి ఒక స్నేహితుడు ఉప్పు కొలిచే తన ప్రోబ్ తెచ్చి పెడితే ఉప్పు శాతం 31.5 వచ్చింది. నా రిఫ్రాక్టోమీటర్‌ని నేను ప్రతి ఆదివారం ఆర్వో నీళ్లతో సున్నాకి సరిచేసేవాడిని. సున్నా దగ్గర అది ఖచ్చితంగానే ఉండేది. 35 దగ్గర తప్పు చూపేది. చౌకగా దొరికే వాటిలో చాలా వరకు మామూలు ఉప్పునీళ్ల కోసం గీతలు గీసినవి, సముద్రపు నీళ్ల కోసం కాదు. దానికి తోడు గీతల మధ్య దూరం కొంచెం తేడాగా ఉంటే, సున్నా దగ్గర కుదిరినా పైన కుదరదు. మనకు కావాల్సిన చోటు 35 కాబట్టి, సరిచేయాల్సిందీ 35 దగ్గరే.

దానికి ప్రత్యేకమైన ద్రావణం కొనొచ్చు, లేదా ఇంట్లోనే చేసుకోవచ్చు. వంటింట్లో వాడే మెత్తటి ఉప్పు 36.5 గ్రాములు, ఆర్వో నీళ్లు 963.5 గ్రాములు. నీళ్లను కూడా తూకం వేయండి, కొలపాత్రతో కొలవకండి. ఉప్పు పొడిగా ఉండాలి, చెమ్మ పట్టింది పనికిరాదు. ఈ నీళ్లు కాంతిని వంచే తీరు, వెయ్యికి 35 వంతుల ఉప్పున్న సముద్రపు నీళ్లు వంచే తీరు ఒకటే. ఒక చుక్క అద్దం మీద వేసి, మూత పెట్టి, అర నిమిషం ఆగి చూడండి, చుక్క కూడా పరికరం వేడికి రావాలి కదా. స్క్రూ తిప్పి 35 మీదకు తెచ్చి, తర్వాత ట్యాంక్ నీళ్లు చూడండి. ఈ ద్రావణం సరిచూసుకోవడానికే సుమా, ట్యాంక్‌లో పోసేది కాదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. కొత్తగా ఉప్పు కలిపిన నీళ్లను, ట్యాంక్‌లో పోయకముందే, మెగ్నీషియం పరీక్ష చేయండి. అందులోనూ 1140 వస్తే ట్యాంక్ తప్పు కాదన్నమాట. ఉప్పు తక్కువ కలుస్తోంది, లేదా కిట్ పాతబడింది. ఏ అంకె అనుమానంగా అనిపించినా నేను ముందు కొత్త నీళ్లనే పరీక్షిస్తాను. పది నిమిషాల పని, ఎన్నో అనవసరమైన సీసాలు కొనకుండా ఆపింది.

ఉప్పు నిజంగా 31 అని తేలితే ఒక్కసారిగా పెంచకండి. మీ ట్యాంక్‌లో రోజుకు సుమారు మూడు లీటర్లు ఆవిరవుతోందని రాశారు. ఆ మూడు లీటర్లకు బదులు మామూలుగా మంచినీళ్లు పోస్తాం. ఓ వారం పది రోజులు మంచినీళ్ల బదులు వెయ్యికి 35 వంతుల ఉప్పున్న నీళ్లు పోయండి. మూడు లీటర్లలో 105 గ్రాముల ఉప్పు వెళ్తుంది, 200 లీటర్లకు అది రోజుకు వెయ్యికి అర వంతు పెరుగుదల. ఎనిమిది రోజుల్లో 35కి వచ్చేస్తారు, చేపలకు, నత్తలకు తెలియను కూడా తెలియదు. ఆవిరైన నీళ్లను దానంతట అదే నింపే ఆటో టాప్ ఆఫ్ డబ్బాలోనే ఉప్పునీళ్లు పోసేటట్టయితే, 35 రాగానే డబ్బా ఖాళీ చేసి మంచినీళ్లకు మారడం మాత్రం మర్చిపోకండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఇప్పుడు చిన్న లెక్క. 31 నుంచి 35కి వస్తే 1140 మెగ్నీషియం దానంతట అదే 1287 అవుతుంది. 360 కాల్షియం 406 అవుతుంది. ఆల్కలినిటీ కూడా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. మీరు కార్ట్‌లో పెట్టుకున్న మెగ్నీషియం డబ్బా అవసరం ఉండదు. ఉప్పు సరిగ్గా 35 ఉండి కూడా మెగ్నీషియం 1140 అని తేలితే అప్పుడు వేరే సంగతి. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ అయితే 200 లీటర్లకు 150 పీపీఎం పెరగడానికి 250 గ్రాములు పడుతుంది, దాన్ని నాలుగైదు రోజులకు పంచి వేయాలి. కానీ ఆ అవసరం రాదనే అనుకుంటున్నాను.

ఇక పీహెచ్. మాది భీమవరం దగ్గర, నాన్నగారు రొయ్యల చెరువులు చేసేవారు. తెల్లారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి గట్టు మీద కూర్చుని పీహెచ్ చూడటం నాకు చిన్నప్పటి నుంచి అలవాటైన దృశ్యం. ఉదయం తక్కువ, సాయంత్రం ఎక్కువ. ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని నాచు కార్బన్ డై ఆక్సైడ్‌ని తినేస్తుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి అన్నీ ఊపిరి తీసి వదులుతాయి, పీహెచ్ తగ్గుతుంది. నాన్నగారు ఏ ఒక్క అంకెకీ కంగారు పడేవారు కాదు, రెండు పూటల మధ్య తేడా ఎంతుందో చూసేవారు. తేడా పెరిగితే ఆల్కలినిటీ చూసుకునేవారు. మీ ట్యాంక్‌లో ఆ తేడా 0.2 మాత్రమే. అది చాలా మంచి తేడా. నాకైతే అసూయగా ఉంది.

మరి 7.8 ఎందుకు? మీ ఇల్లు మూసి ఉంది కాబట్టి. నీళ్ల పీహెచ్‌ని రెండే నిర్ణయిస్తాయి, ఆల్కలినిటీ, నీళ్లలో కరిగిన కార్బన్ డై ఆక్సైడ్. బయట గాలిలో అది 420 పీపీఎం పైచిలుకు. ఎండకి తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుని, నలుగురు మనుషులుండి, గ్యాస్ పొయ్యి వెలిగే ఇంట్లో వెయ్యి దాటడం మామూలే. గాలిలో అది రెట్టింపయితే నీళ్ల పీహెచ్ 0.3 దాకా పడిపోతుంది. దాన్ని ఆల్కలినిటీతో పూడ్చాలంటే ఆల్కలినిటీని కూడా రెట్టింపు చేయాలి, అంటే 8 ఉన్నదాన్ని 16 చేయాలి. ఎవరూ చేయకూడని పని అది. మీ బఫర్ పొడి చేసింది ఇదే. వేసిన గంటకు పీహెచ్ పెరిగింది. తర్వాత ఇంట్లోని గాలి మళ్లీ నీళ్లలోకి దిగి దాన్ని కిందికి లాగింది. పీహెచ్ వెనక్కి వచ్చింది, ఆల్కలినిటీ మాత్రం పైనే ఉండిపోయింది. మీరు మర్నాడు మళ్లీ వేశారు.

నమ్మకం కుదరకపోతే ఇలా చేసి చూడండి. ఒక గ్లాసులో ట్యాంక్ నీళ్లు తీసుకుని బయట వరండాలో పెట్టి, చిన్న ఎయిర్ పంపుతో గంటసేపు బుడగలు వదలండి. తర్వాత పీహెచ్ చూడండి. 8.1, 8.2 వస్తే జబ్బు నీళ్లది కాదు, ఇంటి గాలిది. అప్పుడు చేయాల్సింది, బుడగలతో మురికిని తీసేసే స్కిమ్మర్ గాలి పీల్చే గొట్టాన్ని కిటికీ సందు లోంచి బయటకు వేయడం. రెండు మూడు డాలర్ల గొట్టం చాలు. అది కుదరని చోట కార్బన్ డై ఆక్సైడ్‌ని పీల్చేసే సోడా లైమ్ గుళికలు నింపిన డబ్బా లోంచి గాలి పీల్చేలా పెడతారు, గుళికలు రంగు మారినప్పుడల్లా మార్చాలి. సంప్‌లో కీటోమార్ఫా నాచు పెట్టి, పై లైట్లు ఆరాక రాత్రంతా దానికి లైటు వేస్తే ఉదయం పీహెచ్ బాగా నిలబడుతుంది. ఇవేవీ చేయకపోయినా 7.8తో పగడాలు చావవు. ఎదుగుదల కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. మా ఇంట్లో జనవరి చలికి తలుపులు తీయని రోజుల్లో 7.75 దాకా చూశాను, ఏమీ కాలేదు.

ఆ తెల్ల పెచ్చు సంగతి. సముద్రపు నీళ్లలో కాల్షియం, కార్బోనేట్ రెండూ కరగగలిగినంత కంటే ఎక్కువే ఉంటాయి. అవి కలిసి రాయిగా మారకుండా ఆపుతున్నది ప్రధానంగా మెగ్నీషియం. పుట్టబోయే సున్నపు స్ఫటికం మీద అది అతుక్కుని ఎదగనివ్వదు. మీ నీళ్లలో మెగ్నీషియం తక్కువ. పైగా పొడిని ఒకే చోట వేస్తే ఆ చోట కాసేపు పీహెచ్ విపరీతంగా పెరుగుతుంది. వేడిగా ఉన్న చోట సున్నం ఇంకా తేలిగ్గా బయటపడుతుంది, అందుకే హీటర్ మీద మొదలైంది. మీరు వేసిన కాల్షియం, మీరు వేసిన ఆల్కలినిటీ రెండూ కలిసి హీటర్ మీద పెచ్చయ్యాయి. ఎంత పోసినా 360 దాటకపోవడానికి, మూడు రోజుల్లో రెండున్నర డీకేహెచ్ పడిపోవడానికి కారణం ఇదే. పగడాలు అంత తినలేదు. మీ దగ్గర ఉన్నవన్నీ చిటికెన వేలంత ముక్కలు. హీటర్‌ని, పంపుని తీసి తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపిన బకెట్‌లో కొన్ని గంటలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి పెట్టండి. హీటర్ ప్లగ్ తీసి, చల్లారాకే నీళ్ల లోంచి బయటకు తీయాలి.

ఉప్పు 35కి వచ్చాక అసలు పని మొదలవుతుంది. మీ ట్యాంక్ రోజుకు ఎంత ఆల్కలినిటీ తింటుందో తెలుసుకోవాలి. దీనికి ఏ యాప్ అక్కర్లేదు. మూడు రోజులు ఏమీ వేయకుండా, రోజూ ఒకే సమయానికి, ఉదాహరణకు సాయంత్రం ఏడింటికి, ఆల్కలినిటీ ఒక్కటే పరీక్షించి కాగితం మీద రాయండి. ఒకే సమయం అని ఎందుకంటున్నానంటే, లైట్లు ఉన్నప్పుడు పగడాలు ఎక్కువ వాడుకుంటాయి, ఒకరోజు ఉదయం, మరో రోజు రాత్రి చూస్తే లెక్క తప్పుతుంది. అంకెలు 8.6, 8.1, 7.6 అని వచ్చాయనుకోండి, మీ ట్యాంక్ ఖర్చు రోజుకు 0.5. మళ్లీ నింపాల్సింది కూడా అంతే, రోజుకు 0.5, ఇంక చుక్క ఎక్కువ వద్దు.

ఆ నింపేది మీ వంటింట్లోనే ఉంది. వంటసోడా. బేకింగ్ పౌడర్ కాదు, బేకింగ్ సోడా, డబ్బా మీద సోడియం బైకార్బొనేట్ అని ఒక్క పేరే ఉండాలి. 100 లీటర్ల నీళ్లలో ఒక డీకేహెచ్ పెరగాలంటే 3 గ్రాములు. మీ 200 లీటర్లకు రోజుకు 0.5 కావాలంటే 3 గ్రాములు. లీటరు ఆర్వో నీళ్లలో 60 గ్రాములు కరిగించి పెట్టుకుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. దానికి జోడీగా కాల్షియం కూడా అదే లెక్కలో పడాలి. పగడం అస్థిపంజరం కట్టుకునేటప్పుడు ఒక డీకేహెచ్‌కి సుమారు 7 పీపీఎం కాల్షియం వాడుతుంది. 0.5కి మూడున్నర. మీ నీళ్లకు అది కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 2.6 గ్రాములు. ఇంకో లీటరు నీళ్లలో 52 గ్రాములు కరిగించి, ఇది కూడా రోజుకు 50 మిల్లీలీటర్లే. ఆహారంలో వాడే రకం తీసుకోండి, రోడ్ల మీద మంచు కరిగించే రకం వద్దు. నీళ్లలో పొడి వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు, కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది. ఈ రెండు సీసాలను ఎప్పుడూ ఒకే సమయంలో, ఒకే చోట పోయకండి. ఒకటి ఉదయం, ఒకటి రాత్రి, నీళ్లు జోరుగా పారే చోట. రెండూ కలిస్తే ట్యాంక్‌లో మంచు కురిసినట్టు సున్నం రాలుతుంది.

వంటసోడా పీహెచ్‌ని కొంచెం తగ్గిస్తుంది, బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్ పెంచుతుంది. మీకు పీహెచ్ తక్కువ కాబట్టి తర్వాత్తర్వాత దానికి మారవచ్చు, అది 100 లీటర్లకు డీకేహెచ్‌కి 1.9 గ్రాములు చాలు. కానీ ఇప్పుడే వద్దు. చేయి కుదిరేదాకా వంటసోడాతోనే నడపండి, పొరపాటున ఎక్కువ పడినా అంత ప్రమాదం కాదు. ఏది వేసినా రోజుకు ఒక డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకండి. సగం అయితే ఇంకా మంచిది. మీకు 8 నుంచి 8.5 మధ్య పెట్టుకోమని నా సలహా. ఇలా డోసు చేస్తూ పోతే వెనక మామూలు ఉప్పు మిగులుతుంది, ఉప్పు శాతం మెల్లగా పెరుగుతుంది. వారానికి పది శాతం నీళ్లు మార్చే వాళ్లకు ఇది సమస్య కాదు, పదిహేను రోజులకోసారి ఉప్పు చూసుకుంటే చాలు.

సున్నపు తేట గురించి కూడా అడిగారు, కాల్క్‌వాసర్ అని మీరు రాసింది అదే. తమలపాకుకు మా నాయనమ్మ రాసుకున్న సున్నమే, కాల్షియం హైడ్రాక్సైడ్. లీటరు నీళ్లలో గ్రామున్నర పైచిలుకు మాత్రమే కరుగుతుంది, మిగిలింది అడుగున పేరుకుంటుంది, పైన తేట మాత్రం వాడతాం. కాల్షియం, ఆల్కలినిటీ రెండింటినీ పగడం వాడుకునే నిష్పత్తిలోనే ఇస్తుంది, వెనక ఉప్పు మిగల్చదు, నీళ్లలోని కార్బన్ డై ఆక్సైడ్‌ని పీల్చి పీహెచ్ పెంచుతుంది. ఇన్ని సుగుణాలున్న వస్తువు ఈ వ్యాపకంలో మరొకటి లేదని నా అభిప్రాయం. మీ ట్యాంక్‌లో ఒక లీటరు తేట అర డీకేహెచ్‌కి కొంచెం ఎక్కువే ఇస్తుంది, అంటే మీ అవసరం మొత్తం రోజుకు ఒక లీటరుతో తీరిపోవచ్చు. కానీ దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఒకసారి రాత్రి నా ఆటో టాప్ ఆఫ్ ఫ్లోట్ ఇరుక్కుని డబ్బా మొత్తం సంప్‌లోకి వెళ్లిపోయింది. పొద్దున లేచేసరికి ట్యాంక్ మజ్జిగలా ఉంది, పీహెచ్ 9 దాటింది. ఆరేళ్లుగా పెంచుకున్న ఒక పగడపు కాలనీ, ఒక జత ఫైర్ ఫిష్ పోయాయి. ఆ ఉదయం ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే తేటని చుక్క చుక్కగా, రాత్రిపూట, డోసింగ్ పంపుతో, రోజుకు ఇంతే అని గట్టి పరిమితి పెట్టుకుని మాత్రమే ఇవ్వండి. ఫ్లోట్‌కి అప్పగించకండి. మీరు రెండు మూడు నెలలు ఆల్కలినిటీని నిలకడగా పెట్టాక దీని సంగతి మాట్లాడుకుందాం.

ఆక్రోపోరా చివర్లు తెల్లబడటానికీ, ఇసుక మీది జిగురుకీ సంబంధం ఉంది. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు, పగడాలకు తిండి లేనట్టు. పగడం లోపల బతికే నాచుకు ఆ రెండూ కావాలి. ఆకలితో ఉన్న పగడానికి ఆల్కలినిటీ 10, 11 ఇస్తే అస్థిపంజరం వేగంగా ఎదగాలని చూస్తుంది, పైన కండ పట్టదు, చివర్లు కాలినట్టు తెల్లబడతాయి. ఇది మా అనుభవాల్లో చాలామంది చూసిన తీరు. మీ విషయంలోనూ అదే అయి ఉంటుంది. జిగురు విషయానికి వస్తే, బుడగలతో, పగలు ఎక్కువై రాత్రి తగ్గుతూ, తీగలు తీగలుగా ఉంటే అది డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు కావొచ్చు. కొంచెం ఒక సీసాలోకి తీసి, బాగా కుదిపి, పేపర్ టవల్‌తో వడకట్టి, ఆ నీళ్లను లైటు కింద గంటసేపు ఉంచండి. మళ్లీ తీగలుగా ముద్దకడితే అవే. తిండి లేని ట్యాంక్‌లో మిగతా నాచులు, బ్యాక్టీరియా పలచబడినప్పుడు ఇవి చోటు చేసుకుంటాయి.

కాబట్టి మీరు వాడుతున్న, ఫాస్ఫేట్ తీసేసే ఐరన్ గుళికల రియాక్టర్ ఆపేయండి. చేపలకు రోజుకు ఒకసారి పెడుతున్నది రెండుసార్లు పెట్టండి. స్కిమ్మర్‌ని పగలు కొన్ని గంటలు ఆపినా ఫర్వాలేదు. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలబడితే చాలు. పదిహేను రోజుల్లో నైట్రేట్ కదలకపోతే సోడియం నైట్రేట్ వాడొచ్చు, 200 లీటర్లకు ఒక పీపీఎం పెరగడానికి పావు గ్రాముకు కొంచెం ఎక్కువ పడుతుంది. ఫాస్ఫేట్ మాత్రం కిట్‌లో రంగు చూసి నిర్ణయించకండి, అంత తక్కువ అంకెలు కంటికి దొరకవు. హాన్నా చెకర్ లాంటి డిజిటల్ మీటర్ వాడండి. అందులో ఫాస్ఫరస్‌ని పీపీబీలో, అంటే వంద కోట్లకు ఎన్ని వంతులో, చూపించే రకం ఒకటుంది, దాని అంకెను 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. కొలిచే గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా అంకె మారిపోతుంది, ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవండి.

నీళ్ల మూలం ఒక్కటి మిగిలింది. ఫ్రిస్కోలో మీకూ, ప్లేనోలో మాకూ వచ్చేది నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నీళ్లే. ఏడాదిలో ఎక్కువ భాగం అందులో క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమైన్ ఉంటుంది, ఏటా మార్చిలో సుమారు నాలుగు వారాలు మామూలు క్లోరిన్‌కు మారుస్తారు. క్లోరమైన్ కార్బన్ ఫిల్టర్‌లో విరిగినప్పుడు అమ్మోనియా బయటపడుతుంది, దాన్ని చివర ఉన్న డీఐ రెసిన్, అంటే నీళ్లలో మిగిలిన అయాన్లను లాగేసే గుళికలు, పట్టుకోవాలి. అందుకే మన దగ్గర రెసిన్ తొందరగా అయిపోతుంది. కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటర్ సున్నా చూపిస్తే చాలనుకోకండి, క్లోరిన్ దానికి కనబడదు. కార్బన్ ఫిల్టర్ తర్వాత వచ్చే నీళ్లను టోటల్ క్లోరిన్ పట్టీతో నెలకోసారి చూడండి. అసలు డీఐ లేని, తాగే నీళ్ల ఆర్వో వాడుతుంటే ముందు ఆ సంగతి చెప్పండి.

హైదరాబాద్ నుంచి ఇద్దరు ఇదే అడిగారు కాబట్టి ఒక మాట. రసాయనం ఎక్కడైనా ఒకటే, కానీ మన దేశంలో రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. సముద్రం లోంచి తీసినవి ఎవరు అమ్మినా కొనకండి. చేపలతో, రాళ్లతో ఉప్పునీటి ట్యాంక్ పెట్టుకోవడంలోనే బోలెడంత ఆనందం ఉంది, ఈ లెక్కల్లో చాలా వరకు దానికీ పనికొస్తాయి.

మీరు ఇప్పుడు చేయాల్సిన వరస ఇది. ఈ రాత్రి పొడి, కాల్షియం సీసా, ఫాస్ఫేట్ రియాక్టర్ ఆపండి. రేపు ఉప్పు ద్రావణం చేసి రిఫ్రాక్టోమీటర్ సరిచేయండి, కొత్తగా కలిపిన నీళ్లలో మెగ్నీషియం చూడండి, గ్లాసు నీళ్లు వరండాలో పెట్టి పీహెచ్ చూడండి. శనివారం హీటర్, పంపు వెనిగర్‌లో వేయండి. ఆక్రోపోరాని కదిలించకండి, లైటు కొంచెం తగ్గించండి, తెల్లబడిన చివర్లు విరవకండి, కింద కండ మంచిగా ఉంటే మళ్లీ కప్పుకుంటుంది. ఈ మధ్యలో ఆల్కలినిటీ 7 కంటే కిందికి పోతే మాత్రం ఆగకుండా 3 గ్రాముల వంటసోడా గ్లాసు ఆర్వో నీళ్లలో కరిగించి వేసేయండి. సరిచేశాక రిఫ్రాక్టోమీటర్ ఎంత చూపిందో, కొత్త నీళ్లలో మెగ్నీషియం ఎంతో ఇక్కడ రాయండి. ఉప్పు 35కి వచ్చాక మూడు సాయంత్రాల ఆల్కలినిటీ అంకెలు కూడా పెట్టండి, మీ డోసు ఎంతో కలిసి లెక్క కడదాం.